కోరం అడిగే తమ్ముడు

పురపాలక సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికైన రోజున కండక్టరమ్మకు చేయి కలిపి అభినందనలు చెప్పినవాళ్ళలో సగంమంది ఆమె ఎప్పుడు దిగిపోతుందా అని అప్పుడే ఎదురుచూస్తున్నారు. వాళ్ళు ఎదుటి పార్టీవాళ్ళు కారు, ఆమె సొంత పార్టీ సభ్యులే. ఆ సంగతి ఆమె చేతులు కలుపుతున్నప్పుడే గ్రహించింది. సిటీ బస్సులో టికెట్లు కొడుతూ జుట్టు నెరిసిన మనిషికి ముఖాలు చదవడం ఒకరు నేర్పవలసిన విద్య కాదు. చిల్లర నిజంగా లేనివాడెవడో, తన స్టాపు వచ్చేదాకా జేబులు తడుముకుంటూ కాలం గడిపేవాడెవడో ఆమె బస్సు ఈ చివరనుంచి ఆ చివరికి చూసి చెప్పగలిగేది.

ఆ పదవి ఆమెకు దక్కిన తీరు కూడా చెప్పాలి. కలప అడితి నడిపే పెద్దాయన అంతకుముందు రెండు దఫాలు అధ్యక్షుడు. ఈసారి అల్లుణ్ణి కూర్చోబెట్టాలనుకున్నాడు. పార్టీలో మరో వర్గం అడ్డం తిరిగింది. పై నాయకులు విసిగిపోయి, ఏ వర్గానికీ చెందని మనిషి కావాలన్నారు. డిపో కార్మికుల సమ్మెను నడిపి గెలిపించిన కండక్టరమ్మ పేరు అలా పైకి వచ్చింది. పెద్దాయన పార్టీకి చేసింది తక్కువేమీ కాదు. పార్టీ ఆఫీసు కప్పు కారుతుంటే సొంత కలపతో వేయించాడు. ఎవరూ జెండా పట్టని కాలంలో పట్టాడు. అందుకే తాను నీడ ఇచ్చినదంతా తన ఆస్తే అన్న భావం ఆయనలో గట్టిపడిపోయింది. అది ఆయన ఒక్కడి జబ్బూ కాదు.

మొదటి సభ రోజున ఆమె హాల్లోకి వచ్చేసరికి అధ్యక్ష స్థానంలోని కుర్చీ వీపుకు ఒక తోలు సంచి వేలాడుతోంది. కండక్టర్లు భుజాన వేసుకునే సంచి. దాని పట్టీకి ఒక విజిల్ కట్టి ఉంది. ఆమె మెట్లెక్కుతుంటే వెనక బెంచీల్లోంచి ఎవరో తాపీగా "రైట్ రైట్" అన్నారు. హాలంతా నవ్వు. ఎత్తైన కిటికీల దగ్గర నిలబడ్డ బంట్రోతులు కూడా తల పక్కకు తిప్పుకుని నవ్వారు.

ఆమె సంచిని చేతిలోకి తీసుకుంది. పట్టీ తెగినచోట ఆకుపచ్చ దారంతో కుట్టిన కుట్టు కనిపించింది. ఆ కుట్టు ఆమె వేసిందే. టికెట్ల మిషన్లు వచ్చాక ఆ సంచితో పని లేక తమ్ముడి షాపులో పడేసింది. మోటార్లకు వైండింగ్ చేసే షాపు అతనిది. రాగితీగ ముక్కలు వేసుకోవడానికి పనికొస్తుందని ఉంచుకున్నాడు. ఇప్పుడా తమ్ముడు మూడో వరసలో, పెద్దాయన అల్లుడి పక్కన, పార్టీ సభ్యుడిగా కూర్చుని ఉన్నాడు. అందరూ నవ్వుతున్నారు. అతను మాత్రం నవ్వకుండా బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

ఆమె సంచిని బంట్రోతు చేతికిచ్చింది. "జాగ్రత్తగా దాచిపెట్టు. ఎవరిదో వాళ్ళే వచ్చి అడుగుతారు" అంది. నవ్వినవాళ్ళ ముఖాలన్నీ ఒక్కొక్కటిగా చూసుకుంది. వాళ్ళ సంగతి తర్వాత తేల్చవచ్చు. నవ్వని ఆ ఒక్కణ్ణి మాత్రం ఆమె ఆ క్షణంలోనే మనసులోంచి గెంటేసింది.

అజెండాలో మొదటి అంశం ఊరి బడ్జెట్. ఆమె చదవడానికి లేవగానే పెద్దాయన లేచాడు. ఆయన వెనక వరసలు వరసలుగా సొంత పార్టీవాళ్ళందరూ లేచి వరండాలోకి నడిచారు. ఎదుటి పార్టీవాళ్ళు కాక తమ్ముడు ఒక్కడు మిగిలాడు. నిలబడి, కార్యదర్శి వైపు చూస్తూ, "కోరం లేదండీ, లెక్కపెట్టండి" అని చెప్పి తనూ వెళ్ళిపోయాడు. కార్యదర్శి తలలు లెక్కపెట్టాడు. సభ నడవడానికి కావలసిన సగానికి తక్కువ. సభ వాయిదా పడింది. రెండో సభలోనూ అచ్చంగా ఇదే జరిగింది. మూడోసారి కూడా బడ్జెట్ ఆమోదం పొందకపోతే అధ్యక్ష పదవి దానంతటదే రద్దవుతుందన్నది అక్కడి నిబంధన.

పెద్దాయన బజార్లో ఎదురుపడి, చుట్టూ పదిమంది ఉండగా, "మూడో స్టాపులో దిగాలమ్మాయ్. ముందే చెప్తున్నా, ఫుట్‌బోర్డు మీదకి వచ్చి నిలబడు" అన్నాడు.

"దిగేవాళ్ళకి నేను విజిల్ వేస్తాను పెద్దాయనా. నాకెవరూ వెయ్యరు" అంది ఆమె. మాట బాగానే ఉంది. వెనక బలం మాత్రం లేదు.

ఆమె కార్యదర్శిని గదిలోకి పిలిచింది. పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి, ఏ పక్షమూ కాదు, ఫైళ్ళ దుమ్ము తప్ప దేనికీ భయపడడు.

"అందరూ వెళ్ళిపోతున్నప్పుడు మా తమ్ముడొక్కడే ఎందుకు ఆగుతున్నాడు?"

"ఎవరో ఒకరు అడగాలి కదమ్మా. హాల్లో ఉన్న సభ్యుడు అడిగితేనే నేను లెక్కపెట్టాలి. అడక్కపోతే సభ నిండుగా ఉన్నట్టే."

"బయటినుంచి అడిగితే?"

"బయటివాళ్ళ మాట నాకు వినపడదు" అని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "ఆయన్ని వాళ్ళు కావాలనే ఆపుతున్నారు. మీ ముఖం మీద మీ వాడి చేతే చెప్పించాలని."

ఆ చివరి వాక్యం ఆయన చెప్పకుండా ఉండవలసింది. అది విన్నాక ఆమెకు బడ్జెట్ రెండో విషయమైపోయింది.

మర్నాడు ఎదుటి పార్టీ నాయకుడి మందుల షాపుకు వెళ్ళింది. ఆయన కౌంటర్ వెనక సీసాలు సర్దుతూ, "మీ ఇంటి గొడవలోకి మమ్మల్నెందుకు లాగుతారమ్మా?" అన్నాడు.

"లాగడం లేదండీ. కదలకుండా కూర్చోమంటున్నాను. కోరం మాట మీరు ఎత్తొద్దు, నేను చదివిందానికి సరే అనండి."

"ఊరికే కూర్చుంటే మాకేంటి?"

"నీటి కమిటీ, మార్కెట్ కమిటీ."

ఆయన చేతిలో సీసా ఆగింది. "మార్కెట్ కమిటీ మీ తమ్ముడిది కదా?"

"రేపటిదాకా."

ఇక్కడ తమ్ముడి వైపు కూడా చూడాలి. ఊరి నీటి పంపుల మోటార్లన్నీ బాగుచేతకు అతని షాపుకే వచ్చేవి. ఆ పని ఇప్పించింది పెద్దాయన. అది పోతే షాపు సగం మూతపడుతుంది. అతనికి సభ్యుడి టికెట్టు ఇప్పించింది అక్కే అయినా, నెలనెలా ఇల్లు గడిచేది ఆ మోటార్లతోనే. పిరికితనం అనవచ్చు, ద్రోహం అనడానికి కొంచెం ఆలోచించాలి. ఆమె ఆలోచించలేదు.

ఆ సాయంత్రం భోజనం దగ్గర భర్తతో చెప్పింది. ఆయన డిపోలో టైర్ల సెక్షన్లో మెకానిక్కు.

"రేపు సభ మొదలైన కాసేపటికి వాడికి ఫోన్ చెయ్యండి. షాపులోంచి పొగ వస్తోందని చెప్పండి. వాడు పరిగెత్తాలి."

"నేను చెయ్యను."

"ఎందుకట?"

"వాడు నా బావమరిది. పొద్దున్నే వచ్చి నా పేపరు నాకంటే ముందు చదివే మనిషి."

"నా సంచి వాళ్ళకిచ్చిన మనిషి కూడా."

"ఇచ్చాడో, ఎవరైనా షాపులోంచి పట్టుకుపోయారో. అడిగావా?"

"అడగను."

"అడగవులే. అడిగితే కోపం ఎక్కడ తగ్గిపోతుందోనని నీ భయం."

"టైర్లు విప్పే మనిషికి ఇన్ని మాటలెక్కడివి?"

"మా సెక్షన్లో పనంతా గాలితోనే. మరీ ఎక్కిస్తే ఏమవుతుందో మాకు తెలుసు." ఆయన కంచం పక్కకు జరిపాడు. "నీకు కుర్చీ కావాలా, పగ కావాలా?"

"రెండూ ఒకే టికెట్టు మీద వస్తుంటే ఒకటే ఎందుకు తీసుకోవాలి?"

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. ఫోన్ మాత్రం చెయ్యనన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

మూడో సభకు హాలు కిక్కిరిసింది. సందర్శకుల బెంచీల మీద బజారు బజారంతా వచ్చి కూర్చుంది. ఆమె కాగితాలు పట్టుకుని లేచింది. పెద్దాయన కూడా లేచి, గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "స్టాపొచ్చింది" అన్నాడు. ఆయన మనుషులు నవ్వుకుంటూ వరండాలోకి, అక్కణ్ణుంచి ఆవరణ అవతల క్యాంటీన్‌కి నడిచారు. మూడో వరసలో తమ్ముడు మిగిలాడు. చొక్కా సర్దుకుని లేచాడు. నోరు తెరవబోయాడు.

ఆమె చేతిలోని కాగితాలు జారిపోయాయి. గుండె మీద చెయ్యి వేసుకుని, కుర్చీలో కూలబడి, తల బల్లకు ఆనించింది.

తమ్ముడు పిల్లాడిగా ఉన్నప్పుడు వాళ్ళ అమ్మ లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర సరిగ్గా అలాగే వాలిపోయింది. అక్కడి ఆడవాళ్ళు పిల్లాణ్ణి నీళ్ళకు పరిగెత్తించారు. వాడు చెంబుతో తిరిగి వచ్చేసరికి అమ్మ ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఆ తర్వాత చాలాకాలం వాడు అక్క ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని గాని నిద్రపోయేవాడు కాడు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆమెకు తెలుసు. అక్క పడిపోతే ఆ మనిషికి కోరం గుర్తుండదని, సభ గుర్తుండదని, పార్టీ గుర్తుండదని ఆమెకు తెలుసు. తెలియక చేసిందనడానికి వీల్లేదు.

"అక్కా" అన్న కేక వినపడింది. తర్వాత బెంచీ తగిలి పడిన చప్పుడు, గుమ్మం వైపు పరుగు.

ఆ అడుగులు వరండా దాటిపోయేదాకా ఆమె తల ఎత్తలేదు. మందుల షాపాయన కంగారుగా ఆమె నాడి చూడడానికి వస్తున్నాడు. "కూర్చోండి, నాకేం కాలేదు" అని లేచి నిలబడింది. ఇంజను మోతను మించి వినిపించడానికి అలవాటుపడిన గొంతుతో బడ్జెట్ ప్రతిపాదించింది. దాని వెంటనే, వరసగా సభనుంచి లేచిపోయిన సభ్యులందరూ కమిటీ పదవులు కోల్పోతారన్న తీర్మానం చదివింది. పేర్లు చదివేటప్పుడు తమ్ముడి పేరు వదలలేదు, గొంతు తగ్గించనూ లేదు. ఎదుటి పార్టీవాళ్ళు సరే అన్నారు. కార్యదర్శి కలం పట్టుకుని గుమ్మం వైపు ఒకసారి చూశాడు. లెక్క అడిగే మనిషి అక్కడ లేడు. సభ ముగిసినట్టు ఆమె గంట కొట్టింది.

క్యాంటీన్ దగ్గర జరిగింది అక్కడ టీ కాచే ఆవిడ చెప్పగా తెలిసింది. ఆవిడకు ఎవరి మీదా ప్రేమా లేదు, పగా లేదు కాబట్టి నమ్మవచ్చు. తమ్ముడు వచ్చి ఎవరో తాగుతున్న గ్లాసు లాక్కుని, కుండలో ముంచుకున్నాడట. పెద్దాయన, "ఏమైందిరా? లెక్క అడిగావా లేదా?" అన్నాడట. "అక్క పడిపోయింది" అని మాత్రం అని పరిగెత్తాడట. "నాటకంరా అది" అంటూ పెద్దాయన లేచాడట. ఆ విషయంలో ఆయన మాటే నిజం. కాని అల్లుడు, "కూర్చోండి మామయ్యా, నిజంగా పోయిందేమో, మనం వెళ్తే బాగుండదు" అని చెయ్యి పట్టుకుని ఆపాడట. అప్పుడు గంట వినిపించింది.

తమ్ముడు నీళ్ళతో హాల్లోకి వచ్చేసరికి ఆమె నిలబడి ఉంది. అతని ముఖంలో మొదట కనిపించింది ఉత్త సంతోషం. ఆమె దాన్ని చూసింది, చూడకుండా ఉండడానికి వ్యవధి లేకపోయింది. తర్వాత అతను గంట వైపు చూశాడు, రాస్తున్న కార్యదర్శి వైపు చూశాడు. మెట్లెక్కి వచ్చి గ్లాసు ఆమె ముందు పెట్టాడు. చొక్కా చెయ్యి మోచేతిదాకా తడిసింది.

"తాగక్కా."

ఆమె తీసుకుంది.

"గటగటా తాగకు. కొంచెం కొంచెంగా" అన్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక దాన్ని పట్టుకుని క్యాంటీన్‌లో ఇవ్వడానికి వెళ్ళిపోయాడు.

అతనికి ఎదురుగా పెద్దాయన రొప్పుతూ వచ్చి, "కోరం లేదు, లెక్కపెట్టండి" అన్నాడు.

"సభ ముగిసింది" అంది ఆమె. "బస్సు వెళ్ళిపోయాక చెయ్యెత్తితే ఎవరాపుతారు పెద్దాయనా?"

ఈసారి హాలు నవ్వింది ఆయన్ని చూసి. ఆ నవ్వును ఆమె చివరిదాకా విన్నది. పెద్దాయన పై నాయకుల దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకుంటే, "బడ్జెట్ రోజున మీరంతా టీ దుకాణంలో ఏం చేస్తున్నారు?" అని వాళ్ళు అడిగారు. ఆయన చేతిలోని పనుల కమిటీ పోవడంతో అడితి ముందు నిలిచే లారీలు తగ్గాయి. అల్లుడు వర్గం మార్చాడు. తర్వాతి సభలో ఆమె లేచినప్పుడు ఒక్కడూ కదలలేదు. నీళ్ళు తాగడానికి కూడా అనుమతి అడిగి వెళ్ళారు. సంచి వేలాడదీసిన చేతులు ఎవరివో తెలుసుకుని, ఆ ఇద్దరినీ శ్మశానం కంచె మరమ్మతుల పర్యవేక్షణకు వేసింది. ఆమె అనుకున్నదంతా, అనుకున్నదానికంటే ఎక్కువే జరిగింది.

తమ్ముడు మాత్రం పొద్దున్నే పేపరు చదవడానికి రావడం మానేశాడు. భర్త పేపరు మడత విప్పి, చదవకుండా బల్ల మీద పెట్టి పనికి వెళ్ళేవాడు. ఆయన ఏదైనా అని ఉంటే ఆమె జవాబు చెప్పి ఉండేది.

కొన్నాళ్ళు చూసి ఆమే షాపుకు వెళ్ళింది. నీటి పంపుల పని ఆమె అతని దగ్గరనుంచి తీసెయ్యలేదు. మోటార్లు మూలన వరసగా ఉన్నాయి. అతను స్టూలు మీద కూర్చుని రాగితీగ చుడుతున్నాడు. లేచి కుర్చీ తుడిచి వేశాడు.

"కమిటీ పోయిందని కోపమా?"

"కమిటీకేంటక్కా, అది నువ్విచ్చిందే." మళ్ళీ తీగ అందుకున్నాడు. "సంచి నేనే ఇచ్చాను. సరదాకి అన్నారు. అంతపని చేస్తారనుకోలేదు. నువ్వడిగితే చెప్పేవాణ్ణి."

"చెప్పేవాడివా?"

"ముందు అబద్ధం చెప్పేవాణ్ణి. తర్వాత చెప్పేవాణ్ణి."

ఆమెకు నవ్వు వచ్చింది. అతను కూడా కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూసి, ఇక అయిపోయిందనుకుని ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"అందరి ముందూ నాలుగు తిట్టాల్సింది" అన్నాడతను, తీగ మీదనుంచి చూపు తిప్పకుండా. "కొట్టినా పడేవాణ్ణి. నీళ్ళకి మాత్రం పంపించకుండా ఉండాల్సింది."

క్షమించమని అడగడం ఆమెకు రాదు. అబద్ధం చెప్పడం కూడా ఆ గదిలో రాలేదు.

"అది తప్ప ఇంక దేనికీ నువ్వు కదిలేవాడివి కాదురా" అంది.

"అవును, కదిలేవాణ్ణి కాదు" అన్నాడు తమ్ముడు. "నేను చెప్పేదీ అదే."