అక్కకు పేపరు చదివే పెట్టె

చూపు పూర్తిగా పోయిన నాటి నుంచి మా అక్కకు ఒకటే బెంగ, పేపరు. తిండి గురించి, మందుల గురించి ఎన్నడూ అడిగింది లేదు. జిల్లా పేజీ కావాలి. ఏ ఊళ్లో ఎవరు పోయారు, పెద్దకొడప్‌గల్‌లో వాన పడిందా లేదా, మాచారెడ్డిలో రోడ్డు మీద మక్కజొన్నలు ఆరబోస్తే ఎవరితో ఎవరికి కొట్లాటయింది, ఇవన్నీ పొద్దున్నే తెలియాలి. "టీవీ పెట్టుకోరాదా" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. టీవీలో మా రాజంపేట సంగతి ఎవడు చెబుతాడు?

ఆమెది ఎల్లారెడ్డి, నాది కామారెడ్డి. అక్క మూడో తరగతి దాకా చదివింది. నేను బడి గడప తొక్కలేదు, పశువుల వెంట పోయినవాణ్ని. బెల్లం కట్టిన కాగితం విప్పి, నేల మీద పరిచి, వేలు పెట్టి నాకు అక్షరాలు నేర్పింది ఆమే. ఆ అక్షరాలతోనే రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నాను, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు. "ఏం చదివినవ్?" అని అడిగిన ప్రతివాడికీ "మా అక్క దగ్గర చదివిన" అని చెప్పేవాణ్ని. నవ్వేవారు. నవ్వినవాళ్ల చెడిపోయిన సెట్లు మాత్రం నా బల్ల మీదికే వచ్చేవి.

ప్రతి ఆదివారం బస్సెక్కి పోయి చదివి వినిపించేవాణ్ని. మిగతా ఆరు రోజులు ఎవరు చదవాలి? అక్క కొడుకు హార్వెస్టర్ నడుపుతూ ఊళ్లు తిరుగుతాడు. కోడలు బీడీలు చుడుతుంది. చాటలోని తునికాకు మీది నుంచి ఆమె చూపు తిప్పిందంటే ఆనాటి పని అందదు. అందుకే పెట్టె చేసిస్తానని మాట ఇచ్చాను. అరచేతంత కంప్యూటరు లాంటి లినక్స్ బోర్డు, ఒక స్పీకరు, ఒకే ఒక బటన్. నొక్కితే చాలు, నెట్ నుంచి పేపరు తెచ్చుకొని తెలుగులో చదవాలి.

అలాంటి పెట్టెకు కావాల్సిన సరంజామా అంతా, ప్రోగ్రాములు, గొంతు, పదాలు పలికే తీరు, ఒకే పెద్ద ఫైలుగా కట్టి ఉంటుంది. దాన్ని ఇమేజ్ అంటారు. దాన్ని కరెంటు పోయినా రాత చెరగని, బోర్డు మీది ఫ్లాష్ చిప్‌లోకి ఎక్కించాలి. ల్యాప్‌టాప్ నుంచి ముందు బోర్డు మెమరీలోకి, అక్కణ్నుంచి చిప్‌లోకి, బావిలోంచి బొక్కెనతో తోడి తొట్టిలో పోసినట్లు. నా ఇమేజ్ ఆ మెమరీకి మూడింతలకు పైగా ఉంది, ఒక్క బొక్కెనకు రాదు. నాలుగు ముక్కలు చేశాను. మొదటిది ఇక్కడ, రెండోది ఇక్కడ అని కాగితం మీద కొలిచి గీతలు గీసుకొని, చిప్ మొత్తం తుడిచి, ఒక్కొక్క ముక్కే ఎక్కించాను.

ఆ ఆదివారం అక్క చేతిని పట్టుకొని బటన్ మీద పెట్టాను. పెట్టె మాట్లాడింది. అక్క ముఖం పెట్టె వైపు తిరిగింది. మాచారెడ్డి వానల వార్త చక్కగా చదువుతూ, ఎన్ని ఎకరాలు మునిగాయో చెప్పబోయి గమ్మునైపోయింది. ఆపి మళ్లీ నొక్కాం. ఈసారి ఎవరో అనారోగ్యంతో మృతి చెందారంది. "ఆయన వయసు" అని, అక్కడ ఆగింది.

"అయ్యో! ఎన్నేండ్లోడు పోయిండో చెప్పకపోతే ఎట్లరా?" అని అక్క పగలబడి నవ్వింది. "తమ్మీ, నీ పెట్టెకు లెక్కలు రావురా. అచ్చం నీ తీర్గనే."

"బడికి పోకుంటే గంతే మామా," అంది కోడలు చాటలోంచి తల ఎత్తకుండానే.

ముద్దుగా అన్న మాటలే. కానీ ఇంజినీర్లందరూ కలిసి నన్ను చూసి నవ్వినట్లు తగిలింది నాకు.

తర్వాతి మూడు ఆదివారాలూ ల్యాప్‌టాప్ మోసుకొని పోయాను. తుడవడం, నాలుగు ముక్కలూ మళ్లీ ఎక్కించడం, బటన్ నొక్కడం. అంకె రాగానే పెట్టె నోరు పడిపోయేది. నేను కిటికీ వైపు తిరిగి తెర ముందు కూర్చుంటే, నా వెనక మంచం మీద అక్క కూర్చునేది. పేపరు ఆమె ఒళ్లోనే, మడత విప్పకుండా.

"పెట్టె పక్కకు పెట్టు తమ్మీ. కోడలితోని పేపర్ తెప్పించిన. నువ్వే సదువు."

"ఒక్క పది నిమిషాలక్కా."

ఆ పది నిమిషాలు అయ్యేసరికి నా బస్సు వేళయ్యేది. మూడో ఆదివారం అక్క అంది, "గా పెట్టె నాకెందుకురా? నీ గొంతు ఇందామనే గదా వారమంత కూసునేది."

"నేను సచ్చినంక నీకెవడు సదువుతడు?" అని విసుక్కున్నాను.

బస్సు కోసం బయల్దేరుతుంటే నా చెప్పులు వాకిట్లో ఎక్కడున్నాయో మాత్రం చెప్పింది అక్క.

తప్పు ఆ బుధవారం దొరికింది. ఫ్లాష్ చిప్‌లో కొన్ని గదులు తయారైనప్పటి నుంచే చెడ్డవి ఉంటాయి. రాసే ప్రోగ్రాము అలాంటి గదిని దాటేసి పక్కదాంట్లో రాస్తుంది. నా మొదటి ముక్కకు అలాంటి గది ఒకటి అడ్డం వచ్చింది. అందుకని ఆ ముక్క నేను గీసిన గీతను దాటి ఒక గది అవతల దాకా పోయింది. నేనేమో రెండో ముక్కను గీత దగ్గరే మొదలుపెట్టాను. పలక తుడవకుండా రాత మీద రాత రాసినట్లు, ఆ గదిలో ఉన్నదంతా పాడైంది. అంకెలు పలికే ఫైలు సరిగ్గా అక్కడుంది. మడిలో బండను తప్పించి నాటుకుంటూ పోతే సాలు జరుగుతుందని పశువుల కాపరికి కూడా తెలుసు. నాకూ తెలుసు.

బోర్డుతో వచ్చిన ఇంగ్లిషు సూచనల్లో ఈ సంగతికి ఒకే ఒక్క వాక్యం ఇచ్చారు, అదీ అట్టడుగున. రాసిన దొరలను నోరారా తిట్టాను. బడాయికి పోయి ఎవరినీ అడగని నన్ను నేను ఇప్పటికీ తిడుతూనే ఉన్నాను. ఎవరినైనా అడిగి ఉంటే మూడు ఆదివారాలు మిగిలేవి.

ఈసారి ఒక్కో ముక్క ఎక్కడ ఆగిందో చూసుకొని, తర్వాతిదాన్ని అక్కణ్నుంచి ఎక్కించాను. గురువారం పెట్టె జిల్లా పేజీ మొత్తం చదివింది, వయసులతో, ఎకరాలతో సహా. ఆదివారం దాకా ఆగలేకపోయాను. శుక్రవారం పొద్దున్నే ఎల్లారెడ్డి బస్సెక్కాను. సగం దారిలో ఎదురుగా అంబులెన్సు వస్తే డ్రైవరు బస్సును పక్కకు తీశాడు. కుదుపుకు పడిపోకుండా ఒళ్లో పెట్టెను గట్టిగా పట్టుకున్నాను.

అక్క ఇంటికి తాళం ఉంది. పక్కింటామె ఉరికొచ్చింది.

"అయ్యో పెద్దయ్యా, ఫోనన్న ఎత్తవేంది? మీ అక్కకు మూతి వంకర వోయింది. గంట కిందనే కామారెడ్డి దవాఖానకు తీస్కపోయిండ్రు."

ఫోను సంచి అడుగున ఉంది, బస్సు రొదలో వినబడలేదు. వచ్చిన దారినే వెనక్కి పోయాను. ఆ గంటన్నర ప్రయాణం గురించి రాయలేను.

వార్డులో అక్క కళ్లు మూసుకొని ఉంది. కోడలు ఆమె చెయ్యి పట్టుకొని కూర్చుంది. వినబడుతుందో లేదో చెప్పలేమంది డాక్టరమ్మ. పెట్టెను సంచిలోంచి తీయలేదు. గేటు దగ్గరి కొట్టులో పేపరు కొనుక్కొచ్చి, స్టూలు మంచానికి ఆనించుకొని, జిల్లా పేజీ విప్పాను.

మొదటి వార్త మీద వేలు పెట్టాను. తర్వాత చదివాను. పోయినవాళ్ల గురించి చదివాను. పెద్దకొడప్‌గల్‌లో తెగిన కరెంటు తీగ గురించి చదివాను. తొందరపడలేదు, ఏదీ వదిలిపెట్టలేదు. అక్క ముఖంలోకి చూస్తే ఆగిపోతానని కాగితం మీది నుంచి కళ్లు ఎత్తలేదు. రాజంపేట దగ్గరి ఊళ్లో కోతులు పెంకుటిండ్లు పీకుతున్నాయన్న వార్త సగంలో ఉండగా, కోడలు తాను పట్టుకున్న అక్క చేతిని ఆమె గుండెల మీద పెట్టి, నా మోచేతి మీద చెయ్యి వేసింది.

"మామా," అంది. "ఇగ సాలు మామా."

వార్తలో ఇంకా రెండు వాక్యాలున్నాయి. కోతులను పట్టేవాళ్లను పిలిపిస్తామని సర్పంచి చెప్పారట. ఊరివాళ్లు నమ్మడం లేదట. అవి కూడా చదివాను.