దిగిరావడానికి నాకు పట్టిన నాలుగు రోజులు

ఆస్తి పోయిన ఇళ్ళలో చివరిదాకా మిగిలేది బిగువే. తాతగారి నాటికి మా భూములు పోయాయి, నాయన నాటికి ఇంటి తలుపులు కూడా అమ్ముడయ్యాయి. నా వంతుకు నిటారుగా కూర్చునే అలవాటొకటి వచ్చింది. ఆ రోజుల్లో, అంటే అరవైల తొలినాళ్ళలో, యాడికి అనే ఊరి దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి చేరాను. ఉన్న ఒక్క మంచి చొక్కానే రోజూ ఉతికి గంజి పెట్టుకుని వెళ్ళేవాణ్ణి (మా సీమలో బట్టలు ఆరవేమోనన్న బెంగ ఎవరికీ లేదు).

ఒకరోజు పాఠంలో 'క్లైంబ్ డౌన్' అనే జాతీయం వచ్చింది. బాగా బతికినవాడు ఆస్తీ హోదా పోగొట్టుకుని కిందికి రావడమని అరగంట సేపు చెప్పాను (మా ఇంటి కథే కనుక ఉదాహరణలకు కొదవ లేదు). అనుమానం లేకపోలేదు. పాఠానికి ముందే వరండాలో హెడ్మాస్టరుగారిని, మేమంతా పెద్దసారు అనేవాళ్ళం, అర్థం ఇదేనా అని అడిగితే ఆయన కాగితాలు చూసుకుంటూ అవునన్నట్టు తలూపారు.

పరీక్షలో మూడో బెంచీ పిల్ల ఒకతె మాత్రం, తాను పట్టిన పట్టు తప్పని తెలిసి వదులుకోవడం అని రాసింది. నేను ఎర్రసిరాతో కొట్టేశాను. ఆ పిల్ల పేపరు పట్టుకుని వచ్చి, పెద్దసారు గదిలోని డిక్షనరీలో అట్లే ఉందని మెల్లగా చెప్పింది. నలభైమంది ఎదుట మా ఇంటి మగవాడు మాట మార్చుకోవడమా? రాసింది తప్పని ఒప్పుకునేదాకా బయట నిలబడమన్నాను.

"తప్పు గానిదాన్ని తప్పని ఎట్ల జెప్పేది సార్?" అని, అంతే మెల్లగా పోయి వాకిలి బయట నిలబడింది. మూడు రోజులు నిలబడింది. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేసింది. మా వంశంలో అంత నిటారుగా నిలబడ్డవాళ్ళను నేనెరగను. అయినా లోపలికి రమ్మనలేదు.

మూడో సాయంత్రం వాళ్ళమ్మ వచ్చింది. కూలి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకింకా మట్టి ఉంది. "బయట నిలబడేదానికి ఇస్కూలెందుకు సామీ? రేపు గూడా లోపల కూసోకుంటే చెనక్కాయలు పీకేదానికి నాతోనే పిల్చుకొని పోతా" అంది. అది ఎస్సెల్సీ, అంటే బడి చివరి పరీక్ష రాసే ఏడాది. మొండితనం పిల్లదేనని నాకు నేను చెప్పుకున్నాను గాని, నమ్మకం కలగలేదు.

మర్నాడు పొద్దున పెద్దసారు డిక్షనరీ చంకలో పెట్టుకుని నా క్లాసుకు వచ్చారు. వాకిట్లో ఉన్న పిల్లతో, "నేనూ తప్పు జెప్పినానమ్మా. చూడకుండానే తలూపినా. నువ్వు రాసిందే సరి" అన్నారు. అందరికీ వినబడేలా, టైమెంతయిందో చెప్పినంత మామూలుగా అన్నారు. నన్నొక్క మాట అనలేదు. డిక్షనరీ బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళ సర్వీసు మనిషికి ఆ మాటతో మర్యాద వీసమెత్తు తగ్గలేదు. ఆయన వరండా మలుపు తిరిగేదాకా పిల్లలు నిలబడే ఉన్నారు.

ఇక నా వంతు. సుద్దముక్క తీసుకుని, జాతీయానికి ప్రయోగం చూపుతున్నవాడిలా, బోర్డు మీద 'ది టీచర్ క్లైంబ్డ్ డౌన్' అని రాశాను. అంతదూరం రావడమే మా ఇంట్లో ఒక వింత.

వాకిట్లోంచే చదువుకుని ఆ పిల్ల అడిగింది. "యా టీచరు సార్?"

"నేనేలేమ్మా. లోపలికొచ్చి కూర్చో."

వచ్చి కూర్చుని ఆ వాక్యాన్ని శుభ్రంగా నోట్సులో రాసుకుంది.

పెద్దసారు ఒక్క నిమిషంలో చేసిన పనికి నాలుగు రోజులు పట్టిన ఆ యువకుణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ముసలితనంలోనూ నేను బాగుపడింది కొంచెమే. కోడలితో మాటామాటా వచ్చినప్పుడు, 'ఈ ఇంట్లో ఎవరో పొరబడినట్టున్నారు' అనేదాకా నా అంతట నేనే వస్తాను. అక్కడ ఆగి, ఎవరని అడుగుతుందేమోనని ఎదురుచూస్తూ కూర్చుంటాను.