ఎండితే పిండయ్యే రాయి

కిటికీలో పెట్టుకున్న రాయి నా వేళ్ళ మధ్య పిండైపోయిన ఆ పొద్దున, నాకు ముందు వచ్చింది భయం కాదు, కోపం.

"అత్తా, నా రాయిని ఎవరు ముట్టిన్రు?"

అత్త వంటింట్లోంచే జవాబిచ్చింది. "నీ రాయి నాకెందుకే? బియ్యంల ఉన్న రాళ్ళు చాలవా నాకు ఏరనీకి?"

ఎనభైల్లో ఒక ఎండాకాలం అది. నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. డిగ్రీలో భూగర్భశాస్త్రం చదువుతూ, సెలవులకు జహీరాబాద్‌లో మేనమామ ఇంటికి వచ్చాను. పట్నంలో మా ఇంట్లో నల్ల ఫోనుండేది. కాలేజీ నుంచి రాగానే దాని తీగ వేలికి చుట్టుకుని కూర్చునేదాన్ని. మామ ఇంట్లో ఫోన్ లేదు. రోడ్డు మీద బెల్లం సేట్ దుకాణంలో ఒకటుండేది. దాన్ని ముట్టుకోవాలంటే ముందు సేట్ మాటలు పడాలి.

ఆ రాయి మామే ఇచ్చాడు. అల్లం తోటకు నీళ్ళు చాలక, మొగుడంపల్లి దారిలో ఉన్న బావిని లోతు తీయిస్తున్నాడు. పైన ఎర్రరాయి, దాని కింద నల్లరాయి. నల్లరాయిలో మందు తూటా పేల్చినప్పుడు పక్క గోడలో ఒక తొర్ర తెరుచుకుంది. లోపలంతా తెల్లటి స్ఫటికాలు. అందులోంచి ఒక గుత్తి విరిచి తువ్వాలలో చుట్టి తెచ్చి, "పట్నం కోడలా, ఇగో నీకు కట్నం" అని నా ఒళ్ళో పడేశాడు.

అంత అందమైన రాయిని నేను కాలేజీ అద్దాల బీరువాలో కూడా చూడలేదు. అగ్గిపుల్లలంత పలకల కడ్డీలు, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. ప్రతి కొసా ఏటవాలుగా, ఉర్దూ రాసేవాళ్ళు చెక్కుకునే వెదురు కలంలా ఉంది. తడి ఆరకముందు వెలుతురు వాటిలోంచి గాజులోంచి దాటినట్టు దాటింది. తర్వాత రోజు రోజుకీ పాలిపోయి సుద్దలా మారింది. కిటికీ దుమ్మనుకున్నాను. తుడుద్దామని చెయ్యి పెట్టాను. పిండి.

అత్త వచ్చి చూసి నవ్వింది. "గిదేం రాయే? జొన్నపిండి లెక్కున్నది."

అప్పుడు గుర్తుకొచ్చింది, ఆ తెల్లరాయి నా గుత్తితో అయిపోలేదని. మామతో బావి చూడబోయినప్పుడు కంటపడింది, గోడలో తొర్ర నుంచి మొలతాడులా ఒక తెల్లటి పట్టీ సాగి ఉంది. దాని మీద బర్రె అంత నల్లబండ కూర్చుని ఉంది.

అమావాస్య వస్తుందని పని ఆపించినప్పుడు, మామ ఇంజన్‌తో నీళ్ళన్నీ తోడించి బావిని ఎండబెట్టాడు. తడి గోడ కూలుతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు. ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నీ ఎర్రరాయివి. గుంతలోంచి తీసేటప్పుడు గొడ్డలితో చెక్కేంత మెత్తగా ఉంటుంది, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. నేను అనుమానంగా చూస్తే మామ పలుగు తీసుకుని ఇంటి గోడను ఫట్‌మని కొట్టి చూపించాడు. "చూసినవా? మా తాత కట్టిన గోడ. ఆరనీ కోడలా, ఆరినంక ఏ గోడా కూలదు."

ఆ రోజు పని మళ్ళీ మొదలు. మొదటి తట్ట ఇంటిపెద్ద చేత్తోనే నిండాలి, అంతదాకా కూలివాళ్ళు దిగరు. అక్కడ అది పద్ధతి.

"మామ ఏడీ?"

"బాయి కాడికి పోయిండు. కొబ్బరికాయ కొట్టి, పొద్దెక్కినంక దిగుతడు."

పిండిని చేతిరుమాలులో మూటగట్టి, మామ సైకిల్ మీద సేట్ దుకాణానికి ఉరికాను. ఉత్త భయంతో వెళ్తే మామ నవ్వుతాడు. ఎందుకు కూలుతుందో చెప్పాలి, అది మా లెక్చరర్ గారికే తెలుస్తుంది. అర్జెంట్ కాల్ బుక్ చేసి కూర్చున్నాను. లైన్ ఎంతకీ కలవలేదు. ఆపరేటర్ మీద అరిచాను, రిసీవర్‌ని బల్ల మీద కొట్టాను.

"జర నిమ్మళంగ," అన్నాడు నా రాళ్ళ చదువు సంగతి తెలిసిన సేట్. "అది నీ అయ్య ఫోన్ కాదు, నాది. ఏం, రాయికి జరమొచ్చిందా?"

బెల్లం బస్తాలు మోసేవాళ్ళు నవ్వారు. లైన్ కలిసింది. రాయి ఎలా ఉండేదో విని లెక్చరర్ గారు ముచ్చటపడ్డారు. "లామొంటైట్ అయ్యుంటుందమ్మా. అంత మంచి గుత్తి మనవైపు చాలా అరుదు. నీళ్ళలో వేసి తీసుకురా."

"పిండైపోయింది సార్."

"అవుతుంది మరి. సిలికా, అల్యూమినా కలిసి పంజరంలా అల్లుకుంటాయి. ఆ పంజరంలో సన్నటి దారులుంటాయి. వాటిలో కాల్షియం, దాన్ని పట్టుకుని నీళ్ళు. ఆ నీళ్ళు దాని కట్టడంలో భాగమే. పొడిగాలి తగిలితే కొన్ని నీళ్ళు బయటికి పోతాయి. పంజరం ముడుచుకుని స్ఫటికం చిట్లిపోతుంది."

"మళ్ళీ తడిపితే?"

"నీళ్ళు లోపలికి పోతాయి. చిట్లింది మాత్రం అతుక్కోదు."

"సార్, అది బావి గోడలో ఉంటే? దాని మీద పెద్ద బండ ఉంటే?"

"కింద మనుషులెవరైనా ఉన్నారా?" అన్నారు. లైన్ తెగిపోయింది.

సైకిల్ ఎలా తొక్కానో తెలియదు. బావి దగ్గర కొబ్బరిచిప్పలు పడి ఉన్నాయి. గిలక మీద మోకు బిగుసుకుని ఉంది. మామ చెప్పులు ఒడ్డున ఉన్నాయి.

మేస్త్రీ నాకు అడ్డం వచ్చాడు. "అమ్మా, దిగినోణ్ణి ఎన్కకు పిలువద్దు. తట్ట నిండనీ."

వంగి చూశాను. లోతులో మామ తలపాగా. ఆయన తల మీదుగా తెల్లటి పట్టీ. గాజు మెరుపు ఏమీ లేదు, అంతా సుద్ద. దానిలోంచి ఒక సన్నటి ధార కారుతోంది. కూలివాళ్ళు మాటలు ఆపినప్పుడు దాని చప్పుడు వినిపించింది, బస్తా చిల్లులోంచి చక్కెర కారినట్టు.

అరవబోయి నోరు మూసుకున్నాను. గోడ కూలుతుందని అంటే మామ ఏం చేస్తాడో నాకు తెలుసు. పలుగు ఎత్తి ఆ గోడనే ఫట్‌మని కొట్టి చూపిస్తాడు.

"ఏం కోడలా!" మామ పైకి చూశాడు. "ఇంక రాళ్ళు కావాల్నా? తట్టల పెట్టి పంపుతా." చేతిలో పలుగు ఉంది.

అరవకుండా చెప్పాను. "మామా, సేట్ దుకాణంల ఫోనొచ్చింది. అమ్మ లైన్ల ఉన్నది. నిన్నే పిలుస్తున్నది."

ఆ రోజుల్లో ఊరికి ట్రంక్ కాల్ వచ్చిందంటే చావు కబురే. కూలివాళ్ళు తలమీది తువ్వాలలు తీశారు. మామ పలుగు కిందపెట్టాడు. మెట్లు ఎదుటి గోడకు ఉన్నాయి. ఆయన ఎక్కుతున్నంతసేపూ నేను ఆయన్ను చూడలేదు, ఆ తెల్ల పట్టీనే చూస్తూ నిలబడ్డాను. రెప్ప వేస్తే పడుతుందేమో అనిపించింది.

పైకి వచ్చి నా రెండు భుజాలూ పట్టుకున్నాడు. "మా చెల్లెకు ఏం కష్టమొచ్చింది?"

రుమాలు విప్పి పిండి చూపించాను.

"గిదా? గిందుకా? నా పాణం తీసినవు గదే!" కొట్టడానికి చెయ్యెత్తాడు. మళ్ళీ దిగడానికి మెట్ల వైపు తిరిగాడు. ఈలోగా మేస్త్రీ సగం నిండిన తట్టను పైకి లాగి ఒడ్డున పెట్టాడు. నల్లరాళ్ళ మీద తెల్లగా పిండి పరుచుకుని ఉంది.

మామ ఆగాడు. "ఈ తెల్లది నేను ఎత్తలే," అన్నాడు. వంగి వేళ్ళతో నలిపాడు. నా రుమాలులోది తీసి నలిపాడు. బావిలోకి చూశాడు. ఇంటి గోడను కొట్టి చూపించినప్పటి ముఖం కాదది.

"మోకు చుట్టుండ్రి, పని బంద్," అన్నాడు.

మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటుంటే పొలం వైపు నుంచి చప్పుడొచ్చింది. తూటా చప్పుడు కాదు, ఇంకా బరువైంది. గిన్నెలు కదిలాయి. అత్త చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. చూడటానికి ఎవరూ లేవలేదు.

సాయంత్రం మామ నన్ను వెంటబెట్టుకుని సేట్ దుకాణానికి వెళ్ళి హైదరాబాద్‌కు కాల్ బుక్ చేశాడు. అంతకుముందు ఆయన ఎన్నడూ ఫోన్ ముట్టలేదు. ఒక చేత్తో రిసీవర్, ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఆయన గోళ్ళలో ఇంకా తెల్లగా ఉంది.

"చెల్లే... నేనే. ఏం లేదు. ఉత్తగనే చేసిన. నువ్వు మంచిగున్నవా?"

అటువైపు నుంచి అమ్మ, "ఏమైందన్నా? పిల్లకేమైంది? నిజం చెప్పన్నా!" అని అరుస్తూనే ఉంది.