పరుపుల ఖాజా భాయ్ పార్సెల్ జోస్యం

పుంగనూరులో పరుపులు కుట్టే ఖాజా మొహిద్దీన్‌కు ఒక జబ్బుంది. ఎవరి పార్సెల్ చేతికందినా సరే, దాన్ని అరచేతిలో తూచి, వాసన చూసి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల ఏముందో వీధి వీధంతా వినబడేటట్టు ప్రకటించాలి. ప్రకటించకపోతే ఆయనకు అన్నం దిగదు. ఇంతా చేసి, ఆయన చెప్పింది నా ఎరుకలో ఒక్కసారి కూడా నిజం కాలేదు.

నా ఎరుక తక్కువేం కాదు. ఆ వీధికి పార్సెళ్లు మోసేది నేనే. నా పేరు మునిశేఖర్. పొద్దున మదనపల్లెలో టమోటా లారీల మధ్య నుంచి మా కంపెనీ వ్యాను ఎలాగో బయటపడి పుంగనూరు చేరుతుంది. అందులోని సరుకు నా బండికి ఎక్కించుకునేసరికే నా నడుముకు సాయంత్రమైపోతుంది. మామూలు రోజుల్లో ఒక సంచి. దసరా నుంచి దీపావళి దాకా ఆఫర్ల కాలం కాబట్టి సంచి మీద సంచి, దాని మీద ఇంకో సంచి, ఆ సందులో నేను. జనం మంచం మీద పడుకుని వేలితో నొక్కుతారు. ఆ నొక్కుడంతా వచ్చి నా వీపు మీద పడుతుంది.

దానికి తోడు ఫోన్లు. "యాడుండావప్పా?" అని ఒకరు. "నేను ఇంట్లో లేను, తలుపు సందులో దూర్చేసి పో" అని ఇంకొకరు. దూర్చాల్సింది కుక్కరు. ఇంటి నంబర్లు చూద్దామంటే సగం పాతవి, సగం కొత్తవి, మిగతావి వర్షానికి కొట్టుకుపోయాయి. ఇళ్లకు తాళాలు. ఒకరు బెంగళూరులో పని, ఒకరు ఆఫీసులో పని. పగలంతా తెరిచి ఉండేది ఖాజా భాయ్ పరుపుల అంగడి ఒక్కటే. అందుకని వీధి మొత్తం అడ్రసు దగ్గర "కేరాఫ్ ఖాజా పరుపుల అంగడి" అని రాయడం మొదలుపెట్టింది. అందరివీ ఒకేచోట దింపేసి పోవచ్చు కదా అని నేనెంత సంబరపడ్డానో చెప్పలేను. ఖాజా భాయ్ జబ్బు సంగతి అప్పటికి నాకు తెలియదు.

మొదటి రోజే తెలిసింది. ఒక డబ్బా చేతికిచ్చి, ఓటీపీ కోసం ఫోన్ తీశాను. ఆయన డబ్బాను చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు.

"భాయ్, ఇంకా చానా ఉండాయి. అక్కడ పెట్టేయ్."

"ఉండప్పా, యాల తొందర? లోపలుండేది మాట్లాడతాండాది."

"ఏమంటాండాది?"

"మిక్సీని నేను, అంటాండాది." అని నాకు చెప్పి, వీధి వైపు తిరిగి, "మిక్సీ వచ్చిందమ్మోవ్!" అని కేకేశాడు.

అది శాలువా. ఎవరో అమ్మకు పండగ కానుకగా తెప్పించుకున్నది. ఆ మనిషి అక్కడికక్కడే చింపి శాలువా విదిలించి చూపిస్తే, అంగడి ముందు జనం కడుపు పట్టుకుని నవ్వారు. ఖాజా భాయ్ మాత్రం ఏమీ సిగ్గుపడకుండా, "మిక్సీకి కప్పే శాలువా" అన్నాడు.

ఆ తర్వాత ఇదే వరస. క్రికెట్ బ్యాటును ఫ్యాను రెక్క అన్నాడు. పట్టుచీరను చేపల తొట్టి అన్నాడు. బరువు చూసే యంత్రం వస్తే ముద్దుగా చేత్తో నిమిరి, "పాపం, మల్లెపూల నూనె" అన్నాడు. ఖాజా భాయ్ ఒకటి అన్నాడంటే, అది తప్ప మిగతా లోకంలో ఉన్నదేదైనా కావచ్చని వీధికి నమ్మకం కుదిరిపోయింది. ఆయన భార్య మైమూన్ బీ లోపల దూది సర్దుకుంటూ నాతో అనేది, "నన్ను సూసేదానికొచ్చిన రోజు, ఈ పిల్ల నోట్లో నాలిక లేదు, శాంతంగా ఉంటాదని వాళ్లమ్మతో చెప్పినాడంటప్పా. ఆ పొద్దు నుంచి ఈ పొద్దుదాకా తప్పే చెప్తాండాడు."

వాళ్లకు వినోదం. నాకు ప్రాణసంకటం. ఒక్కో పార్సెల్‌కు ఒక్కో జోస్యం, దాని మీద ఒక వాదన, తర్వాత చింపడం, నవ్వడం. నా సంచిలో అవతలి వీధి సరుకు ఉడికిపోతుంటే నేను బండి పట్టుకుని నిలబడాలి. ఇంకో తిక్క కూడా ఉంది. పార్సెళ్లను అలమరలో పెట్టేటప్పుడు పేరూ వివరాలూ అతికించిన వైపు గోడకు తిప్పి పెడతాడు. వాపసు తీసుకోవాల్సినవి వెతుక్కోవాలంటే ఒక్కోదాన్ని తిప్పి చూసుకోవాలి.

"ఎందుకు భాయ్ నన్నిట్లా సంపుతావు? పేరుండే పక్క ఇట్ల పెట్టొచ్చు గదా?"

"దుమ్ము పడతాది గదప్పా."

పరుపుల అంగడిలో దుమ్ము గురించి ఆ మాట అన్న మనిషితో ఏం వాదిస్తాం? చేతులెత్తి దండం పెట్టి బండెక్కాను.

ఈ దీపావళి ముందు, టీ అంగడి దగ్గర నాగరాజు నన్ను పక్కకు పిలిచాడు. బస్సు కండక్టరు. అదే వీధిలో కాపురం.

"శేఖరూ, దీపావళికని మా హేమకు ఒకటి బుక్ చేసినానప్పా."

"ఏంది?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "జుట్టు."

సంగతేమిటంటే, అతని భార్య హేమలతకు వానల్లో డెంగీ జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ జుట్టును తీసుకుపోయింది. మా పక్క గుండు ఎవరికీ వింత కాదు. తిరుమల అని ఒక్క మాట చెబితే చాలు, ఎదుటివాళ్లు దండం పెట్టి లడ్డు అడుగుతారు. కానీ అక్కడింత అక్కడింత ఊడిపోయిన తలకు ఏ మొక్కు పేరూ చెప్పలేం. ఆమె తలకు గుడ్డ చుట్టుకుని ఇంట్లోనే ఉండిపోయింది. డాక్టరు మళ్లీ వస్తుందన్నాడు కానీ, దీపావళి దాటగానే కుప్పంలో చెల్లెలి పెళ్లి. అంత తొందరగా ఏ జుట్టూ రాదు.

"తల్లి లేని పిల్లప్పా ఆ చెల్లెలు. హేమే సాకినాది. అయినా పోనంటాండాది. పొద్దస్తమానం ఏడుపు. ఇది పెట్టుకోనన్నా వస్తాదేమోనని నా ఆశ."

"మంచి పని చేసినావు. యాడికి తెచ్చియ్యల్ల?"

"ఖాజా భాయ్ అంగడికి. గుట్టుగా ఉండల్లని నా పేరు కూడా ఎయ్యలేదు. ఉత్త ఖాజా మొహిద్దీన్ అని పెట్టినా."

"ఊర్లో గుట్టు దాచేదానికి నీకు దొరికింది ఆ మనిషా?"

"ఎట్లాగూ తప్పే చెప్తాడు గదప్పా" అన్నాడు నాగరాజు. "కానీ వెంకటరత్నమ్మ చెవిన పడకూడదు. ఆయమ్మ చెల్లెలి కూతుర్ని కుప్పంలోనే ఇచ్చుండారు. ఈడ తుమ్మితే ఆడ చిరంజీవ అంటారు. విగ్గని తెలిసిందంటే పెండ్లిలో అందరి కండ్లూ జడ మీదే ఉంటాయి. హేమ దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోదు."

వెంకటరత్నమ్మను ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ఆమెకు తెలియనిదీ లేదు. ఉంటే ఆ పూట ఆమెకు నిద్ర పట్టదు.

పార్సెల్ వచ్చిన రోజు వ్యానులోనే చూశాను. ఎక్కడ విసిరారో, కవరు ఒక మూల చిట్లిపోయి ఉంది. నా దగ్గరున్న టేపు చుట్టాను. అది కూడా నాలాగే అలిసిపోయి ఉన్నట్టుంది, సరిగా అంటుకోలేదు. నాగరాజు బస్సులో ఉన్నాడు. "టికెట్, టికెట్" అరుపుల మధ్య ఓటీపీ చెప్పి, సాయంత్రం తీసుకుంటానన్నాడు. అంగడికి పోతే, తన పార్సెల్ కోసం వెంకటరత్నమ్మ కొత్త పరుపు మీద కూర్చుని ఎదురుచూస్తోంది. ఆమె చుట్టూ ఇంకో నలుగురు.

నేను ఖాజా భాయ్ చెవిలో చెప్పాను. "ఇది నాగరాజుది. నీకు దండం పెడతా, దీన్ని ఆడిచ్చొద్దు. సప్పుడు చెయ్యకుండా లోపల పెట్టు."

ఆయన బుద్ధిగా తల ఊపాడు. కవరు మీద అంటించిన కాగితం ఒక్క చూపు చూశాడు. దాన్ని గుండెకు ఆనించుకున్నాడు. తర్వాత తాపీగా చెవి దగ్గరికి ఎత్తి, గలగలా ఆడించి, "రుబ్బురోలు వచ్చిందమ్మోవ్!" అని కేక పెట్టాడు.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. పొద్దుటి నుంచి నీళ్లు కూడా తాగని మనిషిని.

"ఒంటి చేత్తో ఎత్తితివి, రుబ్బురోలా?" వెంకటరత్నమ్మ పకపకా నవ్వుతూ లేచింది. "ఇట్లియ్యి, నేను సూస్తా."

"నీకెత్తే శక్తి లేదమ్మా, నడుం పడతాది" అంటూ ఆయన వెనక్కి లాగాడు. ఆమె ముందుకు లాగింది. టేపు రెండువైపులా న్యాయం చేసి మధ్యలో ఊడిపోయింది. నల్లటి పొడుగాటి జుట్టు జారి ఆమె పాదాల మీద పడింది.

"యమ్మో!" అని ఆమె పరుపెక్కి నిలబడింది. అది పాము కాదని తేలాక దిగి, కవరు చేతిలోకి తీసుకుని కూడబలుక్కుంటూ చదివింది. "ఖాజా మొహిద్దీన్. లేడీస్... లాంగ్... హెయిర్... విగ్గు."

అందరి మనసులోనూ ఒకటే ప్రశ్న, ఇది ఎవరికి? వీధిలో తలకు గుడ్డ చుట్టుకుని ఇంట్లో కూర్చున్న ఆడమనిషి ఒక్కతే. ఇంకొక్క క్షణం గడిస్తే ఆ పేరు ఎవరి నోట్లోంచో వచ్చేసేది.

ఖాజా భాయ్ నెత్తిమీది టోపీ తీశాడు. నున్నటి తలను ఒకసారి తడుముకున్నాడు. "నాదే" అన్నాడు.

"నీదా?"

"నా పేరే గదా ఉండాది. సదివినావు గదమ్మా."

"ఆడోళ్ల జుట్టు నీకేలప్పా?"

"గుడ్డ కొనేటప్పుడు జాస్తి కొనల్ల. సాలకపోతే అతుకు కనబడతాది, మిగిల్తే కత్తిరిచ్చుకోవచ్చు. పరుపులు కుట్టేవోనికి ఇది నువ్వు నేర్పిస్తావా?"

నమ్మాలా వద్దా అని వెంకటరత్నమ్మ కళ్లు చిన్నవి చేసింది. ఇంతలో మైమూన్ బీ లోపలి నుంచి వచ్చింది. కింద పడున్న జుట్టును చూసింది, మొగుడి బోడితలను చూసింది, చెమటలు కక్కుతున్న నన్ను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేనొద్దు వొద్దంటే దొంగతనంగా తెప్పిచ్చినాడా! సూడండమ్మా, మనవరాలికి పెండ్లి చేసే వయసులో ఈయనకు సోకు!" అని నెత్తి కొట్టుకుంది.

ఇంక వీధికి పట్టపగ్గాల్లేవు. "పెట్టుకో భాయ్, సూస్తాం!" అని ఒకటే గోల. "కత్తిరిచ్చల్ల, కుట్టల్ల, మీకేం తెలుసు" అంటూ ఆయన జుట్టంతా పోగుచేసి దిండు గలీబులో కుక్కి లోపలికి పట్టుకుపోయాడు. సాయంత్రం నాగరాజు వచ్చి ఆ దిండును చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు. దిండు కొనుక్కుపోయేవాణ్ణి చూసి ఎవరేమంటారు?

తిరుగు దారిలో ఆగితే ఖాజా భాయ్ నన్ను లోపలికి పిలిచాడు. "అప్పా, ఇంగొకటి తెప్పియ్యల్ల. బిరబిరా రావల్ల. అది ఫోన్లో ఎట్ల నొక్కేదో నాకు తెలీదు."

"ఇంగొకటి యాలప్పా?"

"పెట్టుకోకపోతే నమ్మరు గదా."

నా ఫోన్లోనే బుక్ చేశాను. వీధి పార్సెళ్లన్నీ దాచే మనిషి తనకంటూ తెప్పించుకున్న మొదటి పార్సెల్ అది. అప్పుడడిగాను, దండం పెట్టి చెప్పినా ఎందుకు అరిచావని.

"నువ్వు తెచ్చే వాటి మీద లోపల ఏముండాదో అచ్చేసి అంటిచ్చుంటారప్పా. నువ్వు సూడలేదా? మోకాలి నొప్పి పట్టీలు, బట్టతల మందు, కట్టుడు పండ్ల సెట్టు. ఈడ కూసునేవోళ్లంతా సదివినోళ్లే. నేను ఊరికే లోపల పెడితే, అదేంది దాస్తాండాడని కాగితం సూస్తారు. నేనేదో ఒకటి అరిస్తే నన్ను సూసి నవ్వుకుంటారు. నవ్వేవోడు కాగితం సదవడు."

అప్పుడు లెక్క తేలింది నాకు. శాలువాలూ బ్యాట్లూ అందరూ అక్కడే చింపి చూపించేవాళ్లు. కొందరు మాత్రం నవ్వుతూనే పార్సెల్ చంకన పెట్టుకుని ఇంటికి పోయేవాళ్లు. వాటిలో ఏముందో ఈ రోజుకీ వీధికి తెలియదు. అలసటలో కూడా మనిషి మీద ప్రేమ పుడుతుందని నాకు ఆ సాయంత్రం తెలిసింది. ఆ రోజు పార్సెళ్లను పేర్లు గోడకు తిప్పి నేనే అలమరలో సర్దాను.

దీపావళి వెళ్లింది. నాగరాజు వాళ్లు కుప్పం బయల్దేరే రోజునే ఖాజా భాయ్ పార్సెల్ వచ్చింది. సంచిలో అన్నిటికంటే ముందు దాన్నే తీసుకెళ్లి ఇచ్చాను. మైమూన్ బీ పరుపుల కత్తెరతో కత్తిరించింది. కత్తెర పెద్దది, తల చిన్నది. ఒక చెవి మీద జుట్టు ఉంది, ఇంకో చెవి మీద లేదు. నుదుటి దగ్గర గూడు కట్టినట్టు లేచి నిలబడింది. ఆయన దాన్ని తగిలించుకుని అంగడి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

క్షణాల్లో వీధి దిగిపోయింది. వెంకటరత్నమ్మ దువ్వెన పట్టుకుని పాపిడి తీస్తానంటుంది, ఆయన ఎడమ పాపిడి కావాలంటాడు. ఫోటోలు తీసేవాళ్లు తీస్తున్నారు. గాలి వచ్చినప్పుడల్లా ఆయన రెండు చేతులతో తల పట్టుకుంటుంటే జనం విరగబడి నవ్వుతున్నారు.

ఆ నవ్వుల వెనక నుంచి, గోడ పక్కగా నాగరాజు పెట్టె మోసుకుంటూ నడిచాడు. అతని వెంట హేమలత. నడుము దాటిన జడ, జడ నిండా కనకాంబరాలు. కొత్త చీరలో, భయంభయంగా, ఒక్కో అడుగే వేస్తోంది. అంగడి దాకా వచ్చి ఆగింది. ఒక్క తల కూడా ఆమె వైపు తిరగలేదు. ఆమె ఖాజా భాయ్‌ని చూసి, పమిటతో నోరు మూసుకుని, జ్వరం తర్వాత మొదటిసారి కాబోలు, భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వుతూనే బస్సు వైపు గబగబా నడిచింది.

నా సంచి ఇంకా నిండుగానే ఉంది. ఫోన్ మోగుతూనే ఉంది. అయినా బండికి స్టాండు వేసి, ఆమెకు వీపు తిప్పి, ఖాజా భాయ్ తలను చూస్తూ అందరికంటే గట్టిగా నవ్వాను.