మంచం కింద మాల్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. కనీసం నేనలా అనుకునేవాణ్ణి. లాక్‌డౌన్‌తో సూరత్‌లోని పాండేసర మిల్లులు మూతపడి, మా నాన్న నడిపే మరమగ్గాలు ఆగిపోయిన కాలమది. ఇంట్లో నడుస్తున్నది నా లాప్‌టాప్ ఒక్కటే. కొత్తగా చేరిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పర్మనెంట్ అయితేనే ఇల్లు గడుస్తుంది. బట్ట మడతపెట్టే బల్లే నా ఆఫీసు (అమ్మ రోజూ దాన్ని తుడిచి అగరొత్తి కూడా తిప్పేది).

మా సాఫ్ట్‌వేర్‌కు వేగం పరీక్షలు పెట్టడం నా పని. బెంచ్‌మార్కులంటారు వాటిని, ఫలానా పని ఫలానా గడువులో ముగియాలి. పరీక్షలు వాటంతటవే నడిచి, రిపోర్టు దానంతటదే మా మేనేజర్ మేడమ్‌కు వెళ్లేలా ప్రోగ్రాం రాశాను. అయితే గడువులో ముగించలేక చతికిలపడిన పరీక్షలు ఆ రిపోర్టులో కనిపించేవే కావు. నేను చూడకపోలేదు. చూసి మురిసిపోయాను! సేటు మనిషి మాల్, అంటే సరుకు, చూడ్డానికి వస్తున్నాడంటే, పోగులు తెగిన తానులన్నీ మంచం కిందికి తోసేయడం చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో నా డ్యూటీ. ఎవరూ చెప్పకుండానే ఆ మర్యాద నేర్చుకున్న ప్రోగ్రాం నాకు ఎంత ముద్దొచ్చిందో!

పర్మనెంట్ సంగతి తేల్చే రోజున వీడియో కాల్‌లో మేడమ్ (హైదరాబాద్ ఆమె, నవ్వడం అరుదు) రిపోర్టు తెరిచారు. “అన్నీ పాసే. మరి పెద్ద ఫైల్ తెరిచే పరీక్ష ఏది? పొద్దున్నుంచి నా దగ్గర ఆ ఫైల్ తెరుచుకోవడమే లేదు.”

“అది డ్యామేజ్ మేడమ్,” అన్నాను ఛాతీ విరిచి. “పక్కకు పెట్టిన.”

వెనకనుంచి అమ్మ అందుకుంది. “అవ్ మల్ల! డ్యామేజ్ మాల్ ఎవరన్న సేటుకు చూపిస్తరా? గామెకు జర సమజ్ అయ్యేటట్టు చెప్పు బిడ్డా!” అమ్మ మాటలన్నీ మైకులో వెళ్తున్నాయని అప్పుడు తట్టి నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం పోయినట్టే. పర్మనెంట్ కాగానే డుమస్ బీచ్‌లో టమాట భజియాలు తినిపిస్తానని చెల్లికి ఇచ్చిన మాటా పోయినట్టే.

మేడమ్ మాత్రం పడీపడీ నవ్వారు. “అమ్మా, నేను ఉల్టా సేటును. నాకు కావలసిందే డ్యామేజ్ మాల్. మీవాడికి జీతమిచ్చేది అది ఏరి చూపించడానికే.”

“గట్లనా! అయితే మా మంచం కింద మస్తుగున్నది మేడమ్!” అంది అమ్మ, బేరం కుదిరినంత సంబరంగా.

మర్నాడు ఫెయిలైన పరీక్షలన్నీ చేరి, నా రిపోర్టు మిరపకాయలు ఆరబోసినట్టు ఎర్రగా వెళ్లింది. దాన్ని చూసే నన్ను పర్మనెంట్ చేశారు. భజియాలు తినడానికి మాత్రం లాక్‌డౌన్ ఎత్తేసేదాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు నా దగ్గర కుర్రాళ్లు పనిచేస్తున్నారు. ఒక్క ఎరుపూ లేని రిపోర్టు వస్తే, “మంచం కింద ఏముంది?” అని అడుగుతాను. వాళ్లు తెల్లమొహం వేస్తారు. ఆనాటి కుర్రాడైతే ఛాతీ విరిచి ఠక్కున చెప్పేసేవాడు. ఆ ధీమా ఇప్పుడు నాలో ఎంత వెతికినా దొరకదు. అప్పుడప్పుడు వాడి మీద బెంగగా ఉంటుంది.