పెళ్లి ఫొటోలో నల్ల గుర్రం

నరసరావుపేట చుట్టుపక్కల పెళ్లికొడుకు గుర్రమెక్కాలంటే జైనాబ్ బీకి ఫోన్ చేయాలి. ఆడమనిషి కళ్లెం పట్టుకుని ఊరేగింపులో నడవడమేమిటని మొదట్లో ముక్కున వేలేసుకున్నవాళ్లే ఇప్పుడు ఆమె నంబరు అడిగి తీసుకుంటున్నారు. రెండేళ్ల కిందట భర్త షాకిర్ గుండె ఆగి చనిపోయేదాకా ఆమెకు గుర్రానికి దాణా పెట్టడం తప్ప ఏమీ తెలియదు. తెలియనిదాన్ని అడగడానికి మాత్రం ఆమె ఏనాడూ సిగ్గుపడలేదు. అడిగి అడిగి ఎదుటివాడి ప్రాణం తీసే మనిషి.

గుర్రం పేరు చాంద్నీ. పాలనురుగు తెలుపు. మార్వాడీ జాతిది. ముక్కు దూలం కాస్త ఉబ్బి, మెడ పొడవుగా, కాళ్లు సన్నగా ఉంటాయి. ఆ జాతికి అసలు గుర్తు చెవులు. రెండూ లోపలికి వంగి, కొసలు ఒకదాన్నొకటి తాకుతాయి. చాంద్నీకి మాత్రం తాకవు, ఎడమ చెవి కొస తెగిపోయింది. పదిహేడేళ్ల ముసలితనంలో, ఎవరూ అనుకోకుండా, అది ఒక ఆడపిల్లను ఈనింది. పిల్ల చెవులు చక్కగా కలిశాయి గానీ ఒళ్లు బొగ్గు నలుపు.

అక్కడే వచ్చింది చిక్కు. చాంద్నీ ఇంకో రెండేళ్లకు మించి మనిషిని మోయలేదు. నల్ల గుర్రమెక్కి పెళ్లికి పోయేవాడు పల్నాడులో దొరకడు. క్రోసూరు నరసింహారావుకేమో నల్ల గుర్రమే కావాలి, పొలం గట్ల మీద తిరగడానికి. శుక్రవారం బండి తెచ్చి పిల్లను తీసుకుపోతానన్నాడు. ఇస్తే జైనాబ్ చేతిలో ముసలి గుర్రం ఒక్కటే మిగులుతుంది. ఉంచుకుంటే పనికిరాని నల్లదాన్ని మేపాలి.

బుధవారం పొద్దున చాంద్నీని కడుగుతుంటే ఆమెకు ఎప్పటి అనుమానమో మళ్లీ వచ్చింది. తడిసిన తెల్ల వెంట్రుకల కింద తోలు నల్లగా కనబడుతోంది. తెల్ల గుర్రానికి నల్ల తోలేమిటి? లాడాలు కొట్టడానికొచ్చిన మీరా సాహెబ్‌ను అడిగింది. ఆయన గిట్ట ఒళ్లో పెట్టుకునే, తలెత్తకుండా చెప్పాడు. పుట్టు తెలుపైతే తోలు గులాబీరంగులో ఉంటుంది, దాన్ని నుక్రా అంటారు. నిగనిగలాడే నలుపు ముష్కీ. ఎరుపు ఒంటికి నల్ల జూలుంటే కుమ్మైత్. ఇది వాటిలో ఏదీ కాదు, సబ్జా. సబ్జా నల్లగానే పుట్టి, ఏటేటా నెరుస్తూ, ఏడెనిమిదేళ్లకు తెల్లబడుతుంది.

"మరి పిల్ల కూడా తెల్లబడుద్దా, చాచా?"

"తండ్రి రంగొస్తే నల్లగానే ఉంటది బేటీ. తల్లి రంగొస్తే ముందు కళ్ల చుట్టూ నెరుస్తది. చూసుకో."

ఆమె పిల్ల దగ్గరికి పోలేదు, ఇంట్లోకి పోయింది. బీరువాలోంచి పెళ్లి ఫొటో తీసింది. పద్నాలుగేళ్ల కిందట షాకిర్ ఎక్కి వచ్చింది నల్ల గుర్రం, సొంతింటిది గనక ఎవరూ తప్పుపట్టలేదు. పెళ్లి తర్వాత అది మాచర్లలో మామగారి దగ్గరే ఉండిపోయింది, మళ్లీ ఆమె కంటపడలేదు. ఏడేళ్ల తర్వాత మామగారు పని మానుకుంటే, షాకిర్ అక్కణ్ణుంచి ఈ తెల్లదాన్ని తోలుకొచ్చాడు. మన పెళ్లి గుర్రం ఏమైందని ఆమె అడిగితే, ఇదేగా అన్నాడు. ఆమె నమ్మలేదు. అమ్మేసుకుని తనతో వేళాకోళమాడుతున్నాడనుకుంది. ఆ మాట పట్టుకుని అతణ్ణి ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. అతను ప్రతిసారీ నవ్వి ఊరుకున్నాడు.

ఆ ఫొటోలో ఇన్నేళ్లూ ఆమె చూసింది పెళ్లికొడుకునే. ఇప్పుడు గుర్రాన్ని చూసింది. పూలదండల మధ్య రెండు చెవులు నిక్కి ఉన్నాయి. ఎడమ చెవికి కొస లేదు.

జైనాబ్ బీ మంచం మీద కూలబడి ఏడ్చింది. చనిపోయిన మనిషికి క్షమాపణ ఎలా చెప్పాలో ఆమెకు తెలియలేదు.

మొహం కడుక్కుని పాకలోకి పోయి, పిల్లను ఎండలోకి తెచ్చి గడ్డం పట్టుకుంది. అది తల విదిలించింది, కాలు తొక్కింది. ఆమె వదల్లేదు. కుడికన్ను రెప్ప మీద నాలుగు తెల్ల వెంట్రుకలు. ఎడమ కన్ను చుట్టూ ఇంకా ఎక్కువ.

శుక్రవారం నరసింహారావు బండితో దిగాడు. జైనాబ్ టీ ఇచ్చి, పిల్లను అమ్మడం లేదని చెప్పింది. వేరే ఎవరైనా మాట్లాడుకున్నారా అని ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"అదేం లేదు బాబాయ్. మీకు నల్లది కావాల, ఇది నల్లగా ఉండదు. ఏడేళ్లకు వాళ్లమ్మలాగా తెల్లబడుద్ది."

ఆయన నిగనిగలాడే పిల్లను చూసి, తెల్లటి తల్లిని చూసి, పకపకా నవ్వాడు.

"ఏందమ్మా, నేను చిన్నపిల్లోణ్ణా? నల్ల గుర్రం తెల్లబడుద్దంటే నమ్మాల్నా?"

జైనాబ్‌కు కోపం రాలేదు. తెగిన చెవిని నిమురుతూ అంది.

"నేనూ నమ్మలా బాబాయ్. ఆయన పోయిందాకా నమ్మలా."