మాత్రకి మాత్ర

పోయినవి ముందు చెప్తాను. నాలుగు బంగారు గాజులు. తిరువొత్తియూరులో అర గ్రౌండు, అంటే నూట ముప్పై గజాల స్థలం. మా ఆయన ఒంట్లో పదకొండు కిలోలు. ఆదివారం సాయంత్రాలు కొన్ని. వాటికి మాత్రం లెక్క తేలలేదు.

ఆయనకు రక్త క్యాన్సర్ అని తెలిసిన ఏడాది నాకు కలలాగే గుర్తుంది. రోజూ ఒక మాత్ర వేసుకుంటే మనిషి మామూలుగా తిరుగుతారు. మానేస్తే లేదు. ఆ మాత్రకు పేటెంటు ఉంది. అంటే ఒక్క కంపెనీయే చేయాలి, అది చెప్పిందే ధర. నేను చదివింది ఎనిమిదే; లెక్కలు కొట్లో చిట్టా రాస్తూ నేర్చుకున్నాను. ఒక మాత్ర నా మూడు రోజుల జీతం. ఎన్నిసార్లు వేసినా అంతే వచ్చేది.

ఆస్పత్రికి మైలాపూరు దాకా మేడల ఎత్తున వంతెన మీద పోయే రైల్లో వెళ్లేవాళ్లం. కింద దండేల మీది చీరలు, నీళ్ల ట్యాంకులు మెల్లగా వెనక్కి తేలిపోయేవి. ఆయన నా భుజం మీద నిద్రపోతే ఊపిరి లెక్కపెట్టేదాన్ని.

ఒకసారి స్థలం అమ్మిన డబ్బు రెండు వారాలు ఆలస్యమైంది. మా డబ్బాలో ఒక్క మాత్రే ఉంది. పెరంబూరు రైలుపెట్టెల కార్ఖానాలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు అదే మాత్ర వాడుతూ ఆస్పత్రిలో మా పక్కన కూర్చునేవారు.

"నన్ను పద్నాలుగు దినాలు మాత్ర ఆపమన్నారమ్మా, రక్తం తగ్గిందంట. ఈడ ఊరికే ఉండాయి, తీసుకో."

"డబ్బు ఇప్పుడే ఇయ్యలేనన్నా."

"డబ్బెవురడిగినారు? పక్కింట్లో బియ్యం బదులు తెచ్చుకోలేదా నువ్వు? మాత్రకి మాత్ర."

డాక్టరుకు చూపించి తీసుకున్నాను. డబ్బు రాగానే తిరిగివ్వబోతే పెద్దాయన ఒప్పుకోలేదు. "ఈ ధరకి కొనిస్తే నీకేం మిగుల్తాది? పేటెంటు తీరినాక ఇయ్యి."

తీరింది. మన కంపెనీలూ ఆ మాత్ర చేయడం మొదలుపెట్టాయి. ఒకప్పటి ఒక్కదాని ధరకి పది వచ్చాయి. మందుల కొట్టు బయట ఎండలో చాలాసేపు నిలబడ్డాను. చుట్టూ బస్సులు చప్పుడు లేకుండా పోతున్నట్టు అనిపించింది. పద్నాలుగు లెక్కపెట్టి పెరంబూరు తీసుకెళ్లాను.

పెద్దాయన సగమయ్యారు.

"ఇది నా ఒంటికి పనిచెయ్యడం మానేసిందమ్మా. వేరేది మార్చినారు. దానికీ పేటెంటే."

"అయితే అవే కొనిస్తానన్నా."

"పిచ్చిదానా! దాని ధర విన్నావా? అదీ తీరినాక ఇయ్యి." పెద్దగా నవ్వి, దగ్గారు.

కొత్తదాని గడువు ఇంకా తొమ్మిదేళ్లు. ఆయనకు డెబ్బై ఒకటి. రైల్లో కూడుకున్నాను, ఎనభై వచ్చింది. మళ్లీ కూడాను.

మా ఆయన ఇప్పుడు రోజూ పనికి పోతున్నారు. నేను పెద్దాయనకు ఈ రోజుకీ బాకీ, పద్నాలుగు మాత్రలు.